దక్షిణ తెలంగాణమున భూమిలెక్కల వలస

'వలస' యను మాటకు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో చాలకాలముగా నొకే యర్థము రూఢమై యున్నది. వానలు కుదురని యేట పాలమూరు కూలీలు మట్టిపనులకై దూరదేశములకు పోవుట వలస. ఇటీవల నీ మాటకు రెండవ యర్థ మొకటి వచ్చి చేరినది. ఒక పద్ధతిలో వ్రాసియుంచిన లెక్కలను వేఱొక పద్ధతిలోనికి తరలించుటను గూడ కంప్యూటరు పనివారు వలస యనియే వ్యవహరించుచున్నారు. ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఈ రెండవ వలస. అయినను దాని ఫలము మొదటి వలస పోయినవారి మీదనే యెక్కువగా పడినదని మున్ముందు కనుగొందుము.

ఈ రెండు జిల్లాల భూమిలెక్కలు నూటయేబది యేండ్లలో పలుమార్లు ఇల్లు మాఱినవి. సేత్వారునుండి ఖస్రా పహాణీకి, దానినుండి యేటేటి పహాణీకి, కాగితమునుండి కంప్యూటరుకు, 2020లో ధరణికి, 2025లో భూభారతికి వచ్చినవి. మార్పు జరిగిన ప్రతిమాఱును అడుగవలసిన ప్రశ్న యొకటే. క్రొత్త యింటికి తెచ్చినది నాటి తుదిస్థితిని మాత్రమేనా, లేక ఆ స్థితి యెట్లేర్పడెనో తెలుపు జాడను గూడనా? ఎవరి పేరు తీసి యెవరి పేరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఏ కారణమున వ్రాసిరి అనునదియే జాడ. మన జిల్లాలలో తుదిస్థితి ప్రయాణము చేసినది, జాడ వెనుకబడినది. ఇది మా ప్రతిపాదన.

ఇట్టి వలసను గూర్చి మిక్కిలి శ్రద్ధతో నాలోచించినవారు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు. కనుక వారి యాచారమును కొంచెము తెలిసికొనుట మంచిది. ప్రోగ్రాము ఒకనితో, ఒకనాటితో ముగియు రచన కాదు. పదులకొలది చేతులు దానిని ఏండ్లతరబడి దిద్దుచుండును. దిద్దిన ప్రతిమాఱును దిద్దినవాని పేరు, తేదీ, కారణము వ్రాసియుంచు భండారములు వారికి గలవు. 1980, 90 దశకములలో సీ.వీ.ఎస్. అనునది, పిమ్మట సబ్‌వర్షన్ అనునది, 2005 తరువాత గిట్ అనునది వ్యాపించెను. సబ్‌వర్షన్ మార్పులకు వరుససంఖ్య వేయును. గిట్ అట్లు కాక, ప్రతి స్థితికిని దాని సారమునుండియే పుట్టిన 40 అక్షరముల గుర్తును కల్పించును. ఆ గుర్తు కట్టుటలో ముందరి స్థితియొక్క గుర్తు కూడ చేరియుండును. కావున నడుమ నొకదానిని దిద్దినచో తరువాతి గుర్తులన్నియు మాఱిపోవును, దొంగదిద్దుబాటు దాగదు. తాళపత్ర ప్రతులను సరిపోల్చి, ఏ ప్రతి యే ప్రతికి మాతృకయో నిర్ణయించుటకు మనము పడు శ్రమ విద్యార్థులెఱుగనిది కాదు. ప్రతి లేఖకుడును తన మాతృక పేరు చెఱగని సిరాతో వ్రాసి పెట్టియున్నచో ఆ శ్రమయే లేకుండెడిది. గిట్ చేయునది ఆ పని.

ఒక భండారమునుండి వేఱొకదానికి తరలించునపుడు వారిలో రెండు త్రోవలు గలవు. 2005 ఏప్రిలులో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను తాను నిర్మించిన గిట్‌లోనికి మార్చినపుడు, అంతకుముందు బిట్‌కీపర్ అను భండారములో మూడేండ్లుగా పేరుకొన్న చరిత్రను వెంట తీసికొనిరాలేదు. నాటి ప్రతిని మాత్రము చేర్చి, అచ్చటనుండి క్రొత్తలెక్క ప్రారంభించెను. అయితే పాతచరిత్ర నశింపలేదు. దానిని గూడ గిట్ రూపమునకు మార్చి విడిగా నిలిపిరి. కావలసినవారు మామిడికొమ్మకు అంటుకట్టినట్లు దానిని క్రొత్తచరిత్రకు అతుకుకొనవచ్చును. ఇది యొక త్రోవ. రెండవత్రోవ జీ.సీ.సీ. అను ప్రసిద్ధమైన ప్రోగ్రామువారు త్రొక్కినది. 2020 జనవరిలో వారు సబ్‌వర్షన్ నుండి గిట్‌కు మాఱినపుడు, 1980 దశకమునాటి దిద్దుబాట్లతో సహా చరిత్రనంతను తరలించిరి. ఎవరు దిద్దిరో భండారమున సరిగా లేనిచోట్ల, వెనుకటివారు విడిగా వ్రాసికొన్న మార్పుల చిట్టాలను చదివి ఆ పేర్లు రాబట్టిరి. సబ్‌వర్షన్‌లో నుండిన పాత వరుససంఖ్యను క్రొత్తపద్దు క్రింద నొక పంక్తిగా నిలిపిరి. పాతసంఖ్య పట్టుకొని వచ్చినవాడు క్రొత్తపద్దును కనుగొనవచ్చునన్నమాట. రెండు త్రోవలును సమ్మతములే. చరిత్రను మోసికొని వచ్చుట యొకటి. మోయలేనిచో భద్రముగా నిలిపి, అతుకు ఎచ్చటనో చెప్పుట మఱొకటి. ఇక మన భూమిలెక్కలను ఈ కొలతతో చూతము.

మొదటి సాలార్‌జంగు 1853లో దివానయ్యెను. 1865 నాటి జిలాబందీతో దేశముఖుల శిస్తువసూలు అధికారము తొలగి, జిల్లాలు, తాలూకాలు ఏర్పడెను. తరువాత సర్వే, బందోబస్తు వచ్చెను. హైదరాబాదు సర్వే బొంబాయి పద్ధతి ననుసరించినదగుటచే దానితో మరాఠీమాటలు కొన్ని వచ్చి చేరెను. 'సేత్వారు' అనగా మరాఠీలో చేనువారీగా వ్రాసిన పట్టిక. 'టిప్పణము' కొలతల చిట్టా. 'పహాణీ' చూచుటయను నర్థముగల మరాఠీ ధాతువునుండి వచ్చినది. చేనికి పోయి కంటితో చూచి వ్రాయునది పహాణీ. 'ఫైసల్', 'కైఫియత్' అను రెండును అరబ్బీనుండి ఉర్దూద్వారమున వచ్చినవి. మెకంజీ కైఫియత్తుల మూలమున ఈ రెండవమాట మన సాహిత్యవిద్యార్థులకు చిరపరిచితము. పహాణీలోని కైఫియత్తుగడి ఆ గ్రామకైఫియత్తులకు చిన్నచెల్లెలు వంటిది. రెండింటను 'ఎట్లు జరిగెను' అనునదే విషయము.

సేత్వారులో సర్వేనంబరు, ఎకరములు గుంటలలో విస్తీర్ణము, ఖుష్కీయో తరియో, శిస్తు, పట్టాదారు పేరు ఉండును. తరువాతి లెక్కలన్నిటికి మూలమైన ఈ మొదటి పద్దే చాలచోట్ల చెడిపోయినదని నల్లగొండ చరిత్ర చెప్పుచున్నది. దేశముఖులును, పట్వారీలును సర్వేసమయమున రైతుల సాగులోనున్న భూములను వారికి తెలియకుండ తమ పేర వ్రాయించుకొనిరని పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటచరిత్రలో వ్రాసిరి. జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరములు, విసునూరు దేశముఖునకు 40 వేల ఎకరములు ఉండెనని వారి లెక్క. ఆ రైతులు తాము కౌలుదార్లమైతిమని తెలిసికొనునప్పటికి సర్వే ముగిసి పోయెను. మొదటి పద్దు తప్పైనపుడు దాని తరువాతి పద్దులు ఎంత నియమముగా వ్రాసినను ఆ తప్పును మోయుచునే యుండును. గిట్ వంటి భండారము సైతము ఇందులకు మందు కాదు. అది మార్పును దాగనీయదు. మొదట వ్రాసినది నిజమో కాదో చెప్పదు.

లిపివిషయ మొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. నిజాము ప్రభుత్వమున 1880 దశకమున పారశీకము స్థానమున ఉర్దూ రాజభాషయయ్యెను. పల్లెరైతు తెలుగుపేరు ఉర్దూలిపిలో నెక్కెను. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు. చిన్నయ్యయు, చెన్నయ్యయు నొకే రూపమున నుందురు. గొలుసుకట్టు వ్రాతలో టకారపు గుర్తు జాఱినచో మట్టయ్య ముత్తయ్యయగును. ళకారమునకు ప్రత్యేకాక్షరమే లేదు. పట్వారీ ఊరివాడు కాబట్టి ఆ చెన్నయ్య యెవరో ఎఱుగును. కాగితమునకు ఆ యెఱుక లేదు. పిమ్మట వీనిని తెలుగులోనికి ఎత్తివ్రాసినవారు తమకు తోచిన యచ్చును వేసిరి. తాతపేరు ఒక లెక్కలో చిన్నయ్య, మఱొకదానిలో చెన్నయ్యయైన కుటుంబమునకు విరాసత్ నిరూపించుట యెంత కష్టమో చెప్పనక్కరలేదు. ప్రోగ్రాముల వలసలో సైతము మొదటిపని పాతభండారములోని పొట్టిపేర్లకు నిండుపేర్లు కూర్చిన పట్టికను తయారుచేయుటయే. మన లెక్కలకు అట్టి పట్టికను ఎవరును సిద్ధపఱచలేదు.

ఇక యేటేటి పహాణీ. మేము ఈ పద్ధతిని మెచ్చుకొనక తప్పదు. పట్వారీ ప్రతిసంవత్సరము క్రొత్తపుస్తకము తెఱచి, నిరుటి పహాణీని ముందుంచుకొని, ఊరి సర్వేనంబర్లన్నిటిని మరల వ్రాయును. పట్టాదారుగడి ప్రక్కన సాగుచేయువాని పేరు వ్రాయు గడి యుండును. జనులు దీనిని 'కాస్తు కాలం' అందురు. పంట, నీటివసతి వేఱుగడులలో నుండును. చివర కైఫియత్తు. కౌలుదారు, శిక్మీదారు, సాదాకాగితముపై కొన్నవాడు, అన్నదమ్ముల పంపకమున వచ్చినవాడు అందఱును కాస్తుగడిలోనో కైఫియత్తులోనో చోటు సంపాదింతురు. పట్టాలలో గలిగిన మార్పులు జమాబందీలో ఖాయమై ఫైసల్ పట్టీ యను వేఱొక పుస్తకమున నెక్కును. అనగా ఊరి స్థితికి ప్రతియేట నిండుచిత్రము పహాణీ. మార్పులకు, వాని మంజూరులకు చిట్టా ఫైసల్ పట్టీ. ఇరువదవ శతాబ్దపు చివర ప్రోగ్రాముల భండారములలో జేరిన రెండు భావములును, గుంటూరు కాగితపు పుస్తకములలో కాకపోయినను, తెలంగాణపు పట్వారీ గోనెసంచిలో నంతకుముందే యుండెను. లేనిది ఒకటే: ఒకయేటి పుస్తకమును ముందేటి పుస్తకముతో విడదీయరాకుండ బిగించు ముడి. ఆ ముడి లేనందున కాస్తుగడిలో ఒక పేరు కొట్టివేసి మఱొకటి వ్రాయుట పట్వారీకి సిరాబుడ్డి మూతతీసినంత సులువు. అతడు మాలీపటేలు, పోలీసుపటేలుతో కూడి ఊరిని శాసించినది లాఠీతో కంటె ఈ కలముతోనే.

ఆ కలము విలువ 1940 దశకమున నెత్తుటితో తేలినది. నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో పాలకుర్తి ఐలమ్మ కౌలుకు చేయు భూమిపై విసునూరు దేశముఖు కన్నువేసి పంటనే కాజేయబోయెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య కాల్చివేయబడెను. అటుపిమ్మట లేచిన పోరాటము 1951 వఱకు సాగినది. పల్లెలలో గడీలపై పడిన జనులు అప్పుపత్రములను, భూమికాగితములను తగులబెట్టుట ఆ పోరాటమున తఱచుగా జరిగిన పని. కొందఱు చరిత్రకారులు దీనిని ఆవేశమునకు జమకట్టిరి. మేము వారితో నేకీభవింపము. తమ భూమి ఏ కాగితముమీద పోయినదో ఆ కాగితమునే వెదకి కాల్చినవారికి లెక్కల మర్మము బాగుగనే తెలియును.

1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో హైదరాబాదు కౌలుదారీచట్టము వచ్చి, రక్షిత కౌలుదార్ల పేర్లతో వేఱొక రిజిస్టరు ఏర్పడెను. తరువాత ఆ చట్టమున 38-ఇ పరిచ్ఛేదము వారికి యాజమాన్యమును గూడ కల్పించెను. 1951 ఏప్రిలు 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాభావేకు 100 ఎకరములు దానమిచ్చిరి. భూదానమునకు మఱొక లెక్క పుట్టెను. ఇవి రెండును మంచి కార్యములే. కాని రెండును పహాణీకి ప్రక్కగా మొలచిన కొమ్మలు. రక్షిత కౌలుదారు రిజిస్టరులో నొక పేరు, పహాణీ పట్టాగడిలో మఱొకపేరు. దానపత్రములో భూదానము, పహాణీలో దాత వారసులు. కొమ్మను మ్రానుతో కలుపు పని పూర్తికానిచోట్ల రెండు తరముల తరువాత వ్యాజ్యములు ఫలించినవి.

1954-55లో, అనగా 1364 ఫసలీలో, ఖస్రా పహాణీ తయారయ్యెను. పోరాటము చల్లారినపిమ్మట, జాగీర్లు పోయినపిమ్మట, ప్రతి సర్వేనంబరునకు పట్టాదారుని, సాగుదారుని, హక్కు యేవిధముగా వచ్చినదో వ్రాసిన లెక్క యిది. న్యాయస్థానములు నేటికిని దీనిని మూలమైన హక్కుల పత్రముగా గౌరవించుచున్నవి. దీని తరువాత 1955 నుండి 1958 వఱకు మూడేండ్లకు కలిపి నడచినది చెసాలా పహాణీ. 'సెసాలా' యను పారశీకసమాసమే పట్వారీల నోట చెసాలా యైనదని మా యభిప్రాయము. ఖస్రా వ్రాసినవారు సేత్వారును తిరుగవ్రాయలేదు. దానిని ఆధారము చేసికొని, నాటి వాస్తవమును దానిప్రక్కన నిలిపిరి. మన లెక్కల వలసలలో మేలైనది ఇదియే. ఒక చిక్కుమాత్రము గలదు. ఖస్రా వ్రాసిననాడు గద్వాల, ఆలంపురము రాయచూరు జిల్లాలోను, కొడంగల్ గుల్బర్గా జిల్లాలోను ఉండెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున ఈ తాలూకాలు మహబూబునగరమునకు వచ్చెను. మనుష్యులు కదలకుండగనే జిల్లా కదలినది.

1971లో ఆంధ్రప్రదేశ్ హక్కుల చట్టము వచ్చి, క్రమముగా 1-బి రిజిస్టరు, పట్టాదారు పాసుపుస్తకము వ్యాప్తికి వచ్చినవి. 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము వంశపారంపర్య గ్రామాధికారమును రద్దుచేసెను. ఇది జరుగవలసినపనియే. అయితే పట్వారీతోపాటు అతని తలలోని లెక్క కూడ పోయినది. కొన్ని యూళ్ళలో పుస్తకములును పోయినవి. తరువాత కంప్యూటరులో పహాణీ ఎక్కెను, 'మా భూమి' యను పేర అందఱును చూడదగినదయ్యెను. ఈ ఘట్టమును గూర్చి విస్తరింపము.

2017 సెప్టెంబరు 15న తెలంగాణ ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళనము ప్రారంభించెను. ఊరూర లెక్కలు చూచి, వివాదములేనివానిని 'ఎ' భాగమునను, వివాదముగలవానిని 'బి' భాగమునను చేర్చిరి. నూఱు దినములంతటి గడువులో, నూఱేండ్ల చిక్కు. 'ఎ' భాగమువారికి 2018లో క్రొత్త పాసుపుస్తకములు వచ్చెను. ఆ మే 10వ తేదీనుండి రైతుబంధు క్రింద ఎకరమునకు కారుకు 4,000 రూపాయలు పట్టాదారునకు ముట్టెను. 2020 సెప్టెంబరు 7న గ్రామ రెవెన్యూ అధికారుల వద్దనున్న రికార్డులన్నిటిని ఒక్కదినమున కార్యాలయములకు చేర్చుకొనిరి. ఆ పదవియు రద్దయ్యెను. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణి ప్రారంభమయ్యెను.

ధరణికి రెండు గుణములు గలవు, వానిని దాచుట న్యాయము కాదు. రిజిస్ట్రేషనును, పేరుమార్పును తహసీలుదారు ఒకేమాఱు చేయుటవలన రైతు తిరుగుడు తగ్గెను. సిరాతో కొట్టివేసి వ్రాయు విద్య అంతరించెను. కాని ధరణిలోనికి వచ్చినది 2017-18లో తేలిన తుదిస్థితి. కాస్తుగడి రాలేదు. కౌలుదారు, శిక్మీదారు, సాదాబైనామాపై కొన్నవాడు ఏ గడిలో బ్రతికిరో ఆ గడియే లేకపోయెను. భూమిని సాదాకాగితముమీద కొని, పట్టా చేయించుకొనుటకు ముందే ముంబాయికో, పుణెకో పనికి పోయిన పాలమూరువాని యునికికి ఊరిలోని సాక్ష్యము ఆ యొక్క పంక్తి. 2020 నాటి చట్టము 1971 నాటి చట్టమును తొలగించినపుడు సాదాబైనామాల క్రమబద్ధీకరణమునకు గల యాధారమును గూడ తొలగించెను. అర్జీలు హైకోర్టులో చిక్కుకొనెను. తప్పుపడిన పద్దును తహసీలుదారు దిద్దలేకుండెను. రెవెన్యూ న్యాయస్థానములు రద్దయ్యెను. కలెక్టరుకో, సివిలుకోర్టుకో పోవలసియుండెను.

ఇచ్చట మా విమర్శ స్పష్టముగా నుండవలెను. తుదిస్థితితో క్రొత్తలెక్క ప్రారంభించుట దోషము కాదు. లినక్స్ అట్లే ప్రారంభించినది. లినక్స్‌లో అతుకు తెలియును, పాతచరిత్ర పిలిచిన పలుకును. ధరణిలో ఒక సర్వేనంబరును తెఱచినవానికి దాని ఖస్రాపుట, దాని ఫైసల్ పట్టీ పద్దు, దాని కాస్తుగడి కనబడకుండెను. అవి తహసీలు కార్యాలయపు బీరువాలో మూటగా నున్నవి. రైతు నకలుకై అర్జీపెట్టి, ఉర్దూ చదువువానిని వెదకి, రెండింటిని తానే అతుకవలెను. జీ.సీ.సీ. వారు ఒక్క పంక్తితో చేసిన పని యిది.

2024 డిసెంబరులో ధరణి నిర్వహణము ప్రైవేటు సంస్థనుండి కేంద్రప్రభుత్వపు ఎన్.ఐ.సి.కి మాఱెను. అదే నెలలో శాసనసభ యామోదించిన భూభారతి 2025లో మొదటి చట్టముగా వచ్చి, ఏప్రిలు 14న అమలుపఱచబడెను. ఆర్.డి.ఓ.కు, కలెక్టరుకు అప్పీలుచేయు త్రోవ మరల తెఱవబడినది. సాదాబైనామాలకు పరిచ్ఛేదము వచ్చినది. మార్పుతోబాటు సర్వేపటము జతచేయుటకును, ప్రతి కమతమునకు 'భూధార్' సంఖ్య యిచ్చుటకును చట్టము వీలు కల్పించినది. గ్రామపాలనాధికారుల పేర ఊరికి మరల నొక లెక్కలవాడు ఆ సెప్టెంబరులో నియమింపబడెను. భూధార్ సంఖ్యకు మేము చూచు ప్రయోజనము ఒకటే. దానిప్రక్కన పాత సర్వేనంబరు, ఖస్రాలోని పుట, ఫైసల్ పట్టీ సంవత్సరము వ్రాయబడినచో అది అతుకగును. వ్రాయబడనిచో ఆఱవ పేరగును.

ఈ పనికి ఉర్దూ కైఫియత్తులను చదివి, వానిలోని సంక్షేపములను, పేర్ల రూపములను తెలుగున నిర్ణయింపగలవారు కావలెను. ఒక్క తాలూకా ఖస్రాను తీసికొని, అందలి వ్యక్తినామములకు ఉర్దూరూపము, సంభవించు తెలుగురూపములు, ఆ యూరి యింటిపేర్లు కలిపి పట్టిక కూర్చినచో అది తెలుగుశాఖ పరిశోధనకు తగిన యంశమే. కొడంగల్‌తో ప్రారంభించుట మేలని మా సూచన. భూభారతిని తొలుత పరీక్షించుటకై 2025 ఏప్రిలులో ఎన్నుకొన్న నాలుగు మండలములలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. అది కొడంగల్ నియోజకవర్గములోనిది. అర్జీలు మద్దూరులో చేరినవి. కొడంగల్ తాలూకా ఖస్రా గుల్బర్గా జిల్లా పేర వ్రాయబడినది.